టెండరు నంబరూ, ధరావతు సొమ్మూ: రాయచోటి మేస్త్రీ లెక్క

సబ్‌ప్లాన్ నిధులతో మాలపల్లెకో మాదిగపల్లెకో సిమెంటు రోడ్డు పడుతుంది. కంకర మోసేది ఆ పల్లె ఆడవాళ్ళే. తాపీ పట్టేది ఆ పల్లె మేస్త్రీలే. బిల్లు మాత్రం ఇంకెవరి ఖాతాలోనో పడుతుంది. రాయచోటి, లక్కిరెడ్డిపల్లె, గాలివీడు, చిన్నమండెం వైపు తిరిగినవాళ్ళకు ఇందులో వింతేమీ లేదు. ఎస్సీ సబ్‌ప్లాన్ చట్టం 2013లో వచ్చింది, 2023లో దాని గడువు మరో పదేళ్ళు పెరిగింది. జనాభా దామాషాలో నిధులు ఎస్సీల కోసం ఖర్చు పెట్టాలంటుంది ఆ చట్టం. మంచిదే. ఆ ఖర్చు ఎవరి చేతుల మీదుగా జరగాలో మాత్రం అది చెప్పదు. రోడ్డు దళితులది, కాంట్రాక్టు ఆధిపత్య కులాలది. ఈ రెండింటి మధ్య నిలబడి ఉండేది టెండరు అనే తతంగం. దాన్ని మనవాళ్ళు 'ఇంజనీర్ల వ్యవహారం' అని వదిలేశారు. రిజర్వేషన్ల రోస్టరు గురించి మనం రాసిన పేజీల్లో పదోవంతు కూడా ధరావతు సొమ్ము గురించి రాయలేదు. అందుకే ఈ వ్యాసంలో టెండరుకు నంబరు ఎట్లా పడుతుంది, దాని వెంట ఏయే రుసుములు వస్తాయి, అవి ఎవరిని లోపలికి రానిస్తాయి, ఎవరిని గడప బయటే ఆపుతాయి అన్నది విడమర్చి చూద్దాం.

ముందు నంబరు సంగతి. ఒక పనికి నిజానికి రెండు గుర్తులు ఉంటాయి. ఒకటి టెండరు నోటీసు నంబరు. దాన్ని ఆఫీసు వేస్తుంది. అందులో వరుస సంఖ్య, ఏ ఇంజనీరు ఆఫీసు, ఏ శాఖ, ఏ ఊరు, ఏ ఆర్థిక సంవత్సరం అన్నవి గీతల మధ్య పొట్టి అక్షరాల్లో ఉంటాయి. ఒకే నోటీసు కింద పది పనులు ఉండొచ్చు. రెండోది టెండర్ ఐడీ. దాన్ని వేసేది ఆఫీసు కాదు, కంప్యూటరు. ఆంధ్రప్రదేశ్ ఈ-ప్రొక్యూర్‌మెంట్ వేదికలో అది ఉత్త అంకెల సంఖ్య. అందులో ఊరూ శాఖా ఏమీ కనపడవు. కానీ ఒక సంఖ్యకు ఒకటే టెండరు. ఆ సంఖ్య తెలిస్తే అంచనా విలువ, గడువు తేదీలు, ధరావతు ఎంత, అర్హతలేమిటి అన్నీ బయటపడతాయి. తెలియకపోతే వందల నోటీసుల్లో వెతుక్కోవాలి.

కేంద్ర ప్రభుత్వ పనులకు పద్ధతి వేరు. రాయచోటి మీదుగా కర్నూలు నుంచి చిత్తూరు వైపు పోయే 40వ నంబరు జాతీయ రహదారిలాంటి పనుల నోటీసులు కేంద్ర పోర్టల్‌లో చూడాలి. అక్కడి ఐడీని చదవొచ్చు. మొదట సంవత్సరం, తర్వాత సంస్థ పొట్టిపేరు, తర్వాత వరుస సంఖ్య, చివర ఒకటి, రెండు అని ఆ టెండరు లోపలి పని సంఖ్య. అంటే ఐడీ చూసి ఏ ఏటిది, ఎవరిది అని చెప్పెయ్యొచ్చు. మన రాష్ట్రపు ఐడీ అట్లా నోరు విప్పదు.

ఇందులో తెలుసుకోవలసిన కిటుకు ఒకటుంది. టెండరు రద్దయి మళ్ళీ పిలిస్తే కొత్త నంబరు పడుతుంది. పని అదే, రోడ్డు అదే, నంబరు వేరు. మొదటి పిలుపులో ఎవరెవరు వేశారు, ఎందుకు రద్దయింది అన్నది పాత నంబరు కింద ఉండిపోతుంది. కొత్త నంబరు మాత్రమే పట్టుకుని చూసేవాడికి సగం కథే తెలుస్తుంది. అట్లాగే అయిదారు పల్లెల రోడ్లను ఒక మూటగా కట్టి 'ప్యాకేజీ' అంటారు. అప్పుడు అన్నిటికీ కలిపి ఒకటే నంబరు, అందరికీ కలిపి ఒకటే ధరావతు. మూట పెద్దదయ్యేకొద్దీ చిన్నవాడు ఎత్తలేడు. దీనికి తిరగేసిన పద్ధతి కూడా ఉంది. పెద్ద పనిని ముక్కలు చేసి, ఒక్కో ముక్క టెండరు అక్కర్లేని విలువకు తగ్గించి, నామినేషన్ మీద ఇచ్చెయ్యడం. ఆ ముక్కలకు టెండర్ ఐడీయే ఉండదు. నంబరు లేని పని ఎవరికి పోయిందో బయటివాళ్ళు కనుక్కోవడం కష్టం.

నంబరూ కంప్యూటరూ లేని రోజులు ఇప్పటి కుర్రవాళ్ళకు తెలియవు కాబట్టి ఒక మాట చెప్పాలి. 2003కు ముందు టెండరు వేయాలంటే డివిజన్ ఆఫీసుకు పోయి, రుసుం కట్టి, షెడ్యూలు కొనుక్కోవాలి. కొన్నవాళ్ళ పేర్లు ఆఫీసు రిజిస్టరులో పడతాయి. అవి అదే సాయంత్రానికి చేరవలసిన చోటికి చేరతాయి. తర్వాత గడువు రోజున సీలు కవరు తీసుకొచ్చి ఆఫీసులోని పెట్టెలో వేయాలి. ఆ పెట్టె ముందు ఎవరు నిలబడేవారో సీమవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. రింగు కట్టి, 'ఈ పని ఫలానా ఆయనది' అని ముందే తేల్చుకుని, మిగతావాళ్ళకు ఇంతింత ముట్టజెప్పి, ఒప్పుకోనివాణ్ణి దారిలోనే ఆపేవారు. రాయలసీమ ముఠాలకు సారా పాటలు, సివిల్ కాంట్రాక్టులు ఎట్లా ఆర్థిక పునాది అయ్యాయో బాలగోపాల్ లాంటివాళ్ళు చాలా కాలం కిందటే రాశారు. ఆ పెట్టె దాకా దళితుడు పోవడమంటే టెండరు వేయడం మాత్రమే కాదు, ఊళ్ళో ఒక రెడ్డిని ఎదిరించడం కూడా.

2003 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలుపెట్టింది. దేశంలో ఈ దారిన ముందు నడిచిన రాష్ట్రాల్లో ఇదొకటి. ముందు కొన్ని శాఖల్లో, తర్వాత ఒక విలువ దాటిన పనులన్నిటికీ ఇది వచ్చింది. ఇంట్లోనో నెట్ సెంటరులోనో కూర్చుని డిజిటల్ కీతో టెండరు వేయొచ్చు. గడువు దాటేదాకా ఎవరు వేశారో ఎవరికీ తెలియకూడదన్నది నియమం. కర్ర పట్టుకుని పెట్టె ముందు నిలబడేవాడి పని పోయింది. దీన్ని తక్కువ చేసి మాట్లాడడం అన్యాయం. ముఖం కనపడకపోవడం, ఇంటిపేరు ముందుగా తెలియకపోవడం దళితుడికి చిన్న సంగతి కాదు.

అయితే కర్ర పోయింది కానీ గడప పోలేదు. ఆ గడప పేరే రుసుం.

ఒక లెక్క వేద్దాం. రాయచోటి దగ్గర ఒక దళిత మేస్త్రీ ఉన్నాడనుకుందాం. ఇరవై ఏళ్ళు ఇంకొకరి కింద సబ్‌కాంట్రాక్టు చేసి, పని మొత్తం చేతిలో పెట్టుకున్నవాడు. కింది తరగతి లైసెన్సు తీసుకుని, ఎట్లాగో ఒక మెట్టు పైకి వచ్చాడనీ, 40 లక్షల అంచనా ఉన్న రోడ్డుకు టెండరు వేస్తున్నాడనీ అనుకుందాం. 2003 జూలై 1న నీటిపారుదల శాఖ ఇచ్చిన 94వ నంబరు జీవో, ఆ తర్వాత చాలా ఏళ్ళపాటు టెండరు పత్రాల్లో కనిపించిన రేట్లు ఈ లెక్కకు ఆధారం. శాఖను బట్టి, తర్వాతి జీవోలను బట్టి అంకెలు మారతాయి. లెక్క నడిచే తీరు మాత్రం అదే.

టెండరు వేసేటప్పుడు ధరావతు అంచనాలో 1 శాతం: 40,000. లావాదేవీ రుసుం 0.03 శాతం: 1,200. దాని మీద 18 శాతం జీఎస్టీ 216. మొత్తం 1,416. ఇది ఆంధ్రప్రదేశ్ టెక్నాలజీ సర్వీసెస్‌కు పోతుంది. టెండరు రాకపోయినా తిరిగి రాదు. ధరావతు తిరిగి వస్తుంది కానీ ఎప్పుడొస్తుందన్నది ఆఫీసు దయ. టెండరు దక్కితే అగ్రిమెంటు నాడు మరో 1.5 శాతం: 60,000. కార్పస్ ఫండ్ 0.04 శాతం: 1,600. అంటే గడ్డపార నేలకు తగలకముందే 1,03,016 రూపాయలు చేతి నుంచి పోవాలి. డిజిటల్ కీ ఖర్చు, నెట్ సెంటరువాడి ఖర్చు, కడపకు తిరిగిన చార్జీలు ఇందులో కలపలేదు.

లావాదేవీ రుసుంలోని ఒక వింత చూడండి. 0.03 శాతం అన్నారు గానీ దానికి పైన ఒక కప్పు పెట్టారు. 50 కోట్ల లోపు పనులకు 10,000 దాటకూడదు, ఆ పైన 25,000 దాటకూడదు. 40 లక్షల పనివాడు పూర్తి 0.03 శాతం కడతాడు. 40 కోట్ల పనివాడికి అదే రేటున లక్షా ఇరవై వేలు రావాలి, కట్టేది 10,000. నలభై లక్షలవాడి రేటులో పన్నెండో వంతు. కార్పస్ ఫండుకూ ఇదే కప్పు. పెద్దవాడికి గొడుగు, చిన్నవాడికి ఎండ. ఇది ఎవరో కుట్ర పన్ని రాసిందని నేననను. రాసినవాళ్ళ కళ్ళ ముందు ఉన్నది ఏ సైజు కాంట్రాక్టరో మాత్రం దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక పని మొదలయ్యాక. పోటీలో నెగ్గడానికి మనవాడు 10 శాతం 'లెస్' వేశాడనుకుందాం. పని విలువ 36 లక్షలు. ప్రతి బిల్లులోనూ 7.5 శాతం పట్టుకుంటారు. మొత్తం 2,70,000. పని పూర్తయ్యాక కొంత, లోపాల బాధ్యత గడువు దాటాక కొంత వదులుతారు. ఆ గడువు చాలా పత్రాల్లో రెండేళ్ళు. కార్మిక సంక్షేమ సెస్సు 1 శాతం, ఆదాయపు పన్ను కోత, జీఎస్టీ కోత వేరే. ఇదంతా బిల్లు వచ్చినప్పటి మాట. బిల్లు ఎప్పుడొస్తుందన్నది ఇంకో పురాణం.

మరి మిగిలేదెంత? ప్రభుత్వ అంచనాల్లో కాంట్రాక్టరు పైఖర్చులకూ లాభానికీ కలిపి 14 శాతానికి కాస్త తక్కువ కలుపుతారు. 40 లక్షల అంచనాలో అది ఇంచుమించు 4,80,000. పది శాతం లెస్ వేసినవాడు అందులో 4 లక్షలు అప్పుడే వదులుకున్నాడు. ఇక 80,000. ధరావతు కింద కట్టిన లక్ష ఎక్కడిది? రెండు రూపాయల వడ్డీకి తెచ్చిందే అయితే నెలకు 2,000. ఆరు నెలల పని, రెండేళ్ళ గడువు కలిపి ముప్పై నెలలకు 60,000. పట్టుకున్న 2,70,000 మీద వడ్డీ వేయనే లేదు. మనవాడికి మిగిలింది పని చేశానన్న పేరు. లేదా సిమెంటులో కోత, ఇసుకలో కోత. 'దళిత కాంట్రాక్టర్ల పని నాసి' అని ఆఫీసుల్లో అనేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకుంటే బాగుండు.

ఇదే లెక్క భూమీ, మేడా, బ్యాంకులో డిపాజిట్టూ ఉన్నవాడికి వేరేగా నడుస్తుంది. అతనికి బ్యాంకు గ్యారంటీ దొరుకుతుంది. ఏటా కొద్ది శాతం కమీషన్ తప్ప జేబులోంచి నగదు పోదు. దళితుడి చేతిలో ఉన్నది చాలా చోట్ల డీకేటీ పట్టా. 1977 చట్టం ప్రకారం అది అమ్మకానికి వీల్లేని భూమి. 2023లో చట్టం సవరించి, ఇరవై ఏళ్ళు దాటినవాటికి అమ్ముకునే హక్కు ఇచ్చారు. 2024లో ఆ రిజిస్ట్రేషన్లు ఆపేశారు. బజారులో చెల్లని భూమి సాల్వెన్సీ సర్టిఫికెట్టులో ఎంత పలుకుతుంది? రాయచోటి వైపు ధరావతు కట్టే తాహతు ఉన్న దళిత ఇల్లు ఉందంటే, ఆ ఇంట్లో ఎవరో ఒకరు కువైట్‌లో వేరే ఇంటి గిన్నెలు తోముతూ ఉండవచ్చు.

2019 ఆగస్టు నుంచి 2024 సెప్టెంబరులో రద్దు చేసేదాకా మన రాష్ట్రంలో రివర్స్ టెండర్లు కూడా నడిచాయి. ధర తెరిచాక మళ్ళీ కిందికి పాడుకునే పద్ధతి. ఖజానాకు ఆదా అన్నారు. కిందికి పాడగలిగేవాడు నష్టం ఓర్చుకోగలిగినవాడే కదా!

రుసుములు కట్టగలిగినా ఇంకో గడప ఉంది. దాని పేరు టెండరు సామర్థ్యం. కొంత విలువ దాటిన పనులకు ఒక సూత్రం పెడతారు: రెండు ఏ ఎన్ మైనస్ బి. ఏ అంటే గత అయిదేళ్ళలో ఏదో ఒక ఏడాదిలో నువ్వు చేసిన అత్యధిక పని విలువ. ఎన్ అంటే ఈ పనికి పట్టే ఏళ్ళు. బి అంటే చేతిలో ఇప్పటికే ఉన్న పనుల విలువ. మన మేస్త్రీ తన పేరు మీద ఒక ఏడాదిలో చేసింది 10 లక్షలు అనుకోండి. ఏడాదిలో అయ్యే పని అయితే అతని సామర్థ్యం 20 లక్షలు. చేతిలో 5 లక్షల పని ఉంటే 15 లక్షలు. 40 లక్షల రోడ్డు అతనికి అందదు. ఇరవై ఏళ్ళు సబ్‌కాంట్రాక్టులో వేసిన రోడ్లు? అవి ఇంకొకరి 'ఏ'లో ఉన్నాయి. ఎం-బుక్కులో అతని పేరు లేదు. ఈ సూత్రంలో కులం అనే అక్షరం ఎక్కడా కనపడదు. కానీ 'ఏ' అంటే గతం. దళితుడి గతాన్ని ఇంకొకరి ఖాతాలో రాసిపెట్టిన సమాజంలో గతాన్ని రెండుతో గుణించడమంటే ఏమిటో మనకు తెలియదా?

మరి మినహాయింపులు లేవా? ఉన్నాయి. ఎక్కడున్నాయో చూడాలి. 2002 జనవరిలో భోపాల్ సదస్సులో దళిత మేధావులు ప్రభుత్వ కొనుగోళ్ళలో వాటా అడిగారు. అమెరికాలో నల్లవాళ్ళ సంస్థల నుంచి, ఇతర అణగారిన వర్గాల సంస్థల నుంచి కొనాలన్న విధానం వాళ్ళ ముందున్న నమూనా. మధ్యప్రదేశ్ ప్రభుత్వం అప్పుడు 30 శాతం కొనుగోళ్ళు ఎస్సీ, ఎస్టీల నుంచి చేస్తామంది. పదేళ్ళ తర్వాత, 2012లో, కేంద్రం సూక్ష్మ, చిన్న సంస్థల కొనుగోలు విధానం తెచ్చింది. మొత్తం కొనుగోళ్ళలో 20 శాతం చిన్న సంస్థల నుంచి, అందులో ఎస్సీ, ఎస్టీ యజమానులవి 4 శాతం ఉండాలన్నారు. 2018 చివర్లో 20ని 25 చేశారు, 4 మాత్రం 4గానే ఉంది. ఈ సంస్థలకు టెండరు పత్రం ఉచితం, ధరావతు మినహాయింపు. అంటే పైన చెప్పిన గడపనే తీసేశారు. శభాష్ అనాలి.

కానీ ఇది కేంద్ర శాఖలకూ కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలకూ మాత్రమే వర్తిస్తుంది. అదీ వస్తువులకూ సేవలకూ. సివిల్ పనులకు వర్తించదు, కొని అమ్మేవాళ్ళకు వర్తించదు. బల్లలు తయారుచేసి కేంద్ర సంస్థకు అమ్మే దళితుడికి ధరావతు అక్కర్లేదు. గాలివీడులో రోడ్డు వేసే దళితుడికి కావాలి. మన జనం ఎక్కువగా ఏ పనిలో ఉన్నారు? కేంద్రంలో కూడా ఆ 4 శాతం కాగితం మీది మాటగానే నడిచింది.

రాష్ట్రంలో 2019 జూలైలో ఒక చట్టం చేశారు. నామినేషన్ పనుల్లో, నామినేషన్ సేవల కాంట్రాక్టుల్లో 50 శాతం బలహీనవర్గాలకు, అందులో ఎస్సీలకు 15, ఎస్టీలకు 6 అన్నారు. మాట గమనించండి: నామినేషన్ పనులు. టెండర్ ఐడీ పడని చోట వాటా ఇచ్చారు, ఐడీ పడే చోట ఇవ్వలేదు. చిన్న ముక్కల్లో నీకు వాటా, ప్యాకేజీలో లేదు. పైగా నామినేషన్ అంటేనే స్థానిక నాయకుడి చిటికెన వేలు పట్టుకున్నవాడికి పోయే పని. సర్టిఫికెట్టు దళితుడిది, పెట్టుబడీ లాభమూ పెద్దకాపువి అనే బినామీ వ్యవహారం పుట్టేది ఇట్లాంటి చోటే. దానికి దళితుణ్ణి నిందించే ముందు ధరావతు ఎవరు కట్టారో అడగాలి.

మదనపల్లె దాటి సరిహద్దు అవతలికి, తెలుగు మాట్లాడే చింతామణి, శ్రీనివాసపురం వైపు పోతే కథ వేరు. కర్ణాటక తన కొనుగోళ్ళ పారదర్శకత చట్టాన్నే సవరించింది. సవరణ 2017లో అమలుకు వచ్చింది. 50 లక్షల లోపు టెండరు పనుల్లో ఎస్సీలకు 17.15 శాతం, ఎస్టీలకు 6.95 శాతం ఇచ్చింది. 2023లో ఆ హద్దును కోటికి పెంచింది. అక్కడ టెండరు పిలిచేటప్పుడే ఈ పని ఏ వర్గానికని నోటీసులో రాయాలి. మన లెక్కలోని 40 లక్షల రోడ్డు అక్కడైతే ఈ వాటా కిందికి వస్తుంది. బినామీలు అక్కడ లేరని కాదు. కానీ నంబరు పడ్డ టెండరులోనే వాటా ఉంది కాబట్టి, ఎన్ని పనులు ఎవరికి పోయాయని లెక్క అడగడానికి ఒక పట్టు దొరుకుతుంది.

మన దగ్గర ఆ పట్టు లేదు. టెండర్ ఐడీ పనిని గుర్తుపడుతుంది, పని చేసేవాడి సామాజిక వర్గాన్ని గుర్తుపట్టదు. అది అసాధ్యమేమీ కాదు. 2020 జూలై నుంచి చిన్న సంస్థలకు ఇస్తున్న ఉద్యం నంబరులో రాష్ట్రం, జిల్లా సంకేతాలు ఉంటాయి, నమోదులో యజమాని సామాజిక వర్గం ఉంటుంది. కేంద్ర సంస్థలు ఎస్సీ, ఎస్టీల నుంచి ఎంత కొన్నాయో చూపడానికి 2017 డిసెంబరులో 'సంబంధ్' అనే పోర్టల్ పెట్టారు. ఇక్కడ టెండర్ ఐడీకీ కాంట్రాక్టరు రిజిస్ట్రేషనుకూ ముడి వేసి, కులంవారీ లెక్క ఏటా బయట పెట్టమనడం గొంతెమ్మ కోరిక కాదు. కప్పు పైవాళ్ళకు కాకుండా కింద ఉన్నవాళ్ళకు పెట్టమనడమూ, 50 లక్షల లోపు పనులకు ఎస్సీ, ఎస్టీల ధరావతు మాఫీ చేయమనడమూ అట్లాంటివే.

అది జరిగేదాకా చేతిలో ఉన్న పనిముట్టు సమాచార హక్కు దరఖాస్తు. పంచాయతీకైతే రుసుం లేదు, మండల ఆఫీసుకు 5 రూపాయలు, ఆ పైన 10. 'మా కాలనీ రోడ్డు గురించి చెప్పండి' అని రాస్తే ఏ రోడ్డు అని తిప్పి పంపుతారు. టెండర్ ఐడీ, నోటీసు నంబరు వేసి రాస్తే తప్పించుకోవడం కష్టం. అడగవలసినవి ఇవి: అంచనా విలువ, ఎంతమంది వేశారు, ఎవరిని ఏ కారణంతో అనర్హుడన్నారు, అగ్రిమెంటు నంబరు, ఎంత లెస్, ఎం-బుక్కు నకలు, పాత పిలుపు ఉంటే దాని ఐడీ, రద్దుకు కారణం, పని సబ్‌కాంట్రాక్టుకు ఇచ్చారా, అనుమతి ఉందా. నామినేషన్ పని అయితే ఐడీ ఉండదు కాబట్టి మంజూరు ఉత్తర్వు నంబరూ తేదీ వేసి అడగాలి. రాయచోటి 2022 ఏప్రిల్ 4న అన్నమయ్య జిల్లా కేంద్రమైంది. తర్వాత జిల్లా పటం మళ్ళీ కదిలింది. 2022 ముందరి పనుల దస్త్రాలకు కడప ఆఫీసు పేరు మీద కూడా ఒక ప్రతి పంపడం మేలు.